చేతుల మీద కూర్చున్న సగం ఆట

డిప్లొమా లేని కోచ్‌లను ఇకమీదట ఉంచుకోకూడదని ఆ ఏడు పైనుంచి కాగితం వచ్చింది. ప్రిన్సిపాల్ నన్ను గదికి పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పించాడు. చెప్పబోయేది మంచి మాట కాదని ఆ టీ రాగానే తెలిసిపోయింది. ఆ కాలేజీ ఆడపిల్లలకు పదకొండేళ్లుగా హాకీ నేర్పుతున్నాను, ఆ గదిలో ఎవరూ నాకు టీ ఇచ్చి ఎరగరు.

మాది బెంగాలీల మధ్య తెలుగువాళ్లు స్థిరపడ్డ రైల్వే ఊరు. ఆయన బెంగాలీ మనిషి, నాకంటే పదిహేనేళ్లు చిన్న. మంచివాడే. హిందీలో మెల్లగా చెప్పాడు.

"దీదీ, మీ సంగతి నాకు తెలుసు. కమిటీలో వాళ్లకు తెలియదు. వాళ్లకు సర్టిఫికెట్ కావాలి. ఈసారి కప్పు తెచ్చారనుకోండి, నేను నిలబడి మాట్లాడగలను."

"తేకపోతే?"

"జూలైలో డిప్లొమా ఉన్నాయన వస్తాడు."

ఠీక్ హై అని లేచి వచ్చేశాను. సైకిలెక్కలేదు. నడిపించుకుంటూ ఓల్డ్ సెటిల్‌మెంట్ దాకా వచ్చాను. అది రైల్వే కాలనీ. అక్కడ మా మేనల్లుడి క్వార్టర్‌లో వెనక గది నాది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాను గానీ తినలేదు.

డబ్బు కోసం కాదు ఆ భయం. నాకు రైల్వే పెన్షన్ వస్తుంది. అది నాకు చాలు. పొద్దున ఐదున్నరకి గ్రౌండుకి పోవడం ఆగిపోతే ఐదున్నరకి ఏం చెయ్యాలో నాకు తెలియదు, అదే భయం. పిల్లల భవిష్యత్తు కోసం దిగులుపడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది. అబద్ధం. నా కోసమే దిగులుపడ్డాను.

మా నాన్న యార్డులో షంటింగ్ పని చేసేవాడు. పెట్టెలను ఇంజనుతో ముందుకీ వెనక్కీ నెట్టించి బండి కూర్చే పని. నేను ఆయనకు అన్నం క్యారియర్ మోసుకెళ్లి, పట్టాల పక్కన కూర్చుని చూసేదాన్ని. బడికి పంపలేదు. అన్నదమ్ములు పోయారు బడికి. సాయంత్రం వాళ్లు హాకీ ఆడితే, విరిగిన కర్రకు సైకిల్ ట్యూబు చుట్టి నేనూ దూరేదాన్ని. ఆట బాగా వచ్చింది. పెళ్లయింది, మా ఆయన కూడా యార్డు మనిషే, జ్వరంతో పోయాడు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. వేలిముద్ర వేసి, బండికి పట్టాలు మార్చి దారి చూపే పాయింట్స్ మేన్ పనిలో చేరాను. ఎర్రజెండా పచ్చజెండా చేతికొచ్చాయి. రైల్వే ఆడవాళ్ల జట్టులో బ్యాక్ ఆడాను. మోకాలు పాడై ఆట మానేశాను. చాలా ఏళ్ల తర్వాత, నా యాభై ఐదో ఏట, కాలేజీ వాళ్లు ఒక్క నెల పిల్లలకు నేర్పమని అడిగారు. అప్పటినుంచి అక్కడే ఉండిపోయాను.

మొదటి రెండేళ్లు జట్టు పేర్ల పట్టీ అప్పటి కెప్టెన్ పిల్ల రాసేది, కింద నేను వేలిముద్ర వేసేదాన్ని. ఒకసారి వేరే ఊళ్లో పోటీ. ఒక పిల్ల బూట్లు కట్టుకుని లైనులో నిలబడితే, నీ పేరు లేదు పొమ్మన్నారు. ఆ పిల్లతో కెప్టెన్‌కి పడదు, పేరు రాయలేదు. నేను వేలిముద్ర వేశాను. ఆ పిల్ల బూట్లు విప్పకుండానే ఆటంతా బెంచి మీద కూర్చుంది. ఆ మర్నాడే అప్పటి మా గోల్‌కీపర్‌ని పట్టుకున్నాను. తెలుగు క్రైస్తవుల పిల్ల, వాళ్ల నాన్న ట్రాక్ మీద పని. వాళ్ల చర్చి పాటల పుస్తకం పెట్టి అక్షరాలు నేర్పింది. పాటలు నాకు ముందే నోటికి వచ్చు, పక్క వీధిలో విని. అందుకని చదవకుండా పాడేసేదాన్ని.

"పాడొద్దత్తా, సదువు," అనేది. "ఏలు ఎక్కడుంది, నోరు ఎక్కడుంది?"

అప్పటికి నాకు యాభై ఏడు. తెలుగు వచ్చాక ఇంగ్లీషు పెద్ద అక్షరాలు నేర్చుకున్నాను, పేర్ల పట్టీ కోసం. ఆ తర్వాత పట్టీ ఎప్పుడూ నేనే రాశాను. అయిదుసార్లు కప్పు తెచ్చాం. మా పిల్లలు కొందరు రైల్వేలో ఉన్నారు, ఇద్దరు పోలీసులో ఉన్నారు.

ఇక నా పద్ధతి. చదువు లేనప్పుడు బోర్డు మీద గీతలు గీసి ఆట చెప్పడం నాకు రాలేదు. మైదానం అవతలి నుంచి అరిస్తే వినపడదు. మా పిల్లలు సగంమంది రైల్వే క్వార్టర్లలో పుట్టినవాళ్లు. అందుకని యార్డులో ఇంజనుకు చూపించే చేతి సైగలే వాళ్లకు చూపించాను. చెయ్యి మెల్లగా పైకీ కిందకీ ఊపితే దూరంగా పో అని, అంటే అందరూ ముందుకు నెట్టాలి. ఒంటి ముందు అటూ ఇటూ ఊపితే నా వైపు రా అని, అంటే వెనక్కి తగ్గాలి. రెండు చేతులూ తలమీదికి ఎత్తితే ఆగు, బంతి ఎవరికీ ఇవ్వకు. క్వార్టర్ల పిల్లలకు నేర్పక్కర్లేదు, గేటు దగ్గర ఆడుకుంటూ చూసినవే. బయటి పిల్లలకు ఒక వారం పట్టేది. అవతలి జట్టువాళ్లు ఈ ముసలామె ఈగలు తోలుకుంటోందని నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వుకునేదాన్ని. ఇది మా ఒక్కరి రహస్యమని పదకొండేళ్లు అనుకున్నాను. అంత తెలివితక్కువ ఆలోచన ఇంకోటి లేదు.

ఆ ఏడు ఫైనల్ జనవరిలో మా ఊళ్లోనే జరిగింది. పొద్దున మంచు ఇంకా పోలేదు. అవతలి జట్టు లైను మీద పైనున్న ఇంకో రైల్వే ఊరిది. మేం అంతకుముందు వాళ్లతో ఎప్పుడూ ఆడలేదు. వాళ్ల కోచ్ మెడకు మఫ్లర్ చుట్టుకున్న ముసలాయన, నా వయసే ఉంటుంది. ప్రిన్సిపాల్ స్వెట్టర్ వేసుకుని, గ్రౌండు చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడ్డాడు. ఆయన్ని చూడకూడదనుకున్నాను. ప్రతి రెండు నిమిషాలకీ చూస్తూనే ఉన్నాను.

ఆట మొదలైన కాసేపటికే ఏదో తేడాగా ఉంది. నేను ముందుకు నెట్టమని చెయ్యి ఊపేసరికి వాళ్ల బ్యాకులు అప్పటికే సర్దుకుని ఉన్నారు. వెనక్కి తగ్గమంటే, మా పిల్లలు తిరిగేలోపే వాళ్ల ఫార్వర్డులు పరుగెత్తుకొచ్చేవాళ్లు. మొదట మా పిల్లలు మందంగా ఉన్నారనుకుని తిట్టాను. ఒక గోలు పడింది. ఇంకోటి పడింది. అప్పుడు విన్నాను. నేను చెయ్యెత్తిన ప్రతిసారీ ఆ మఫ్లరాయన హిందీలో ఒక మాట అరుస్తున్నాడు. "ఆ రహే హైఁ." "వాపస్ జా రహే హైఁ." వస్తున్నారు, వెనక్కి పోతున్నారు అని, నా చేతిని చదివి వాళ్ల పిల్లలకు చెబుతున్నాడు.

నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సగం ఆట అయ్యాక కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే ఆయనే వచ్చాడు. తెలుగులో మాట్లాడాడు, అక్కని అప్పా అనే మా వైపు తెలుగు.

"అప్పా, ఏ యార్డులో సేసినావు?"

"ఏటి?"

"నీ సెయ్యి సూడగానే తెలిసిపోనాది. మా అయ్య సంటింగు జమాదారు. నానూ ముప్పయ్యేళ్లు అదే పని సేసినాను. నువ్వు సెయ్యెత్తితే నాకు సెవిలో ఇంజను కూత ఇనిపిస్తంది."

"మరి నీ పిల్లలకి సెప్పేసినావా?"

"సెప్పకపోతే నీకు రెండు గోలులు పడతాయేటి?" చేతులు కడుక్కుని మఫ్లర్‌తో తుడుచుకున్నాడు. "ఎవులికీ తెల్దనుకున్నావేటి అప్పా? రైలు పట్టా ఉన్న ప్రతి ఊర్లోనూ తెలుసు."

మామూలు రోజయితే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు సగం నిండిన సీసాతోనే తిరిగి వచ్చేశాను.

పిల్లల దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క క్షణం అందరూ నా చేతులవైపే చూశారు. మా కెప్టెన్ న్యూ సెటిల్‌మెంట్‌లో కిరాణా కొట్టువాళ్ల పిల్ల, బుర్ర చురుకు.

"అయితే ఉల్టా సేద్దాం అత్తా," అంది. "నువ్వు ఎల్లమంటే మేం వస్తాం, రమ్మంటే ఎల్తాం. ఆ ముసిలోడు తప్పు సెప్తాడు, ఆల పిల్లలు తప్పుగా ఉరుకుతారు."

గోల్‌కీపర్ నీళ్ల సీసా దించి, "అత్త సేతులు ఉల్టా తిరగవే," అంది. అందరూ నవ్వారు.

ఆ పిల్ల వేళాకోళానికి అన్నది నిజమే. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వాళ్లకు చెప్పలేదు. యార్డులో మా బ్యాచివాడు ఒకడు ఉండేవాడు, నవ్వులాట మనిషి. ఒకరోజు ఇంజన్ డ్రైవర్‌ని ఆటపట్టిద్దామని రమ్మనాల్సిన చోట పొమ్మని ఊపి, వెంటనే సరిచేసుకున్నాడు. ఆ వెంటనే అనేది సరిపోలేదు. పెట్టెలను కలిపే కప్లింగ్ కొక్కెం తగిలిస్తున్న మనిషి చెయ్యి, పెట్టెలు గుద్దుకునే బఫర్ల మధ్య ఉంది. ఆ చేతికి ఆ తర్వాత రెండు వేళ్లు మిగిలాయి. ఆ అరుపు విన్నవాళ్లలో నేనూ ఉన్నాను. తప్పు సైగ చూపించడం అనేది నాకు ఉత్త ఆట కాదు.

కానీ అప్పుడే తాడు పక్కన ప్రిన్సిపాల్ గడియారం చూసుకోవడం కనిపించింది. జూలైలో వచ్చే ఆ డిప్లొమా మనిషి కళ్లముందు నిలబడ్డాడు. ముఖం లేదు, ట్రాక్‌సూటు ఒక్కటే.

"సరే," అన్నాను. "ఉల్టా."

రెండో సగం మొదలైంది. అదును చూసి చెయ్యి ఎత్తాను. వెనక్కి రమ్మనే సైగ, అర్థం ముందుకు పొమ్మని. చెయ్యి సగంలో ఆగిపోయింది, నెట్టుకుని పూర్తి చేశాను. కెప్టెన్, ఇంకో ఇద్దరు బయటి పిల్లలు అనుకున్నట్టే ముందుకు పరుగెత్తారు. క్వార్టర్ల పిల్లలు నలుగురూ వెనక్కి తగ్గిపోయారు. వాళ్ల తప్పు లేదు. పుట్టినప్పటినుంచి చూసిన సైగ, కాళ్లు వాటంతటవే నమ్మాయి. మా జట్టు మధ్యలో రెండుగా చీలి, బండి పోయేంత ఖాళీ ఏర్పడింది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ ఆ ఖాళీలోంచి ఒక్కతే వచ్చి గోలు కొట్టింది. మూడు.

మా గోల్‌కీపర్ నేలమీద పడి లేచి నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, బెదురు ఉంది. ఇప్పుడు దేన్ని నమ్మాలి అన్నట్టు.

నేను బెంచి మీద కూర్చున్నాను. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకున్నాను.

కెప్టెన్ అంచుదాకా పరుగెత్తుకొచ్చింది. "అత్తా, సెయ్యేదీ?"

"లేదు."

"లేదంటే ఏటి సేద్దాం మరి?"

"నాకేటి తెలుసు. ఆడుతున్నది నువ్వా నానా? ఎల్లి ఆల్తో మాటాడు."

ఆ తర్వాత అరగంట నేను పడిన బాధ మోకాలు పాడైన రోజు కూడా పడలేదు. ప్రతి బంతికీ నాకు సైగ వస్తూనే ఉంది. భుజం దగ్గర మొదలై మోచేతి దాకా వచ్చి తొడ కింద ఆగిపోయేది. బెంచి చెక్క పేడు గోరు పక్కన గుచ్చుకుంది, అయినా చెయ్యి తియ్యలేదు. మైదానంలో మాత్రం కొత్త చప్పుడు మొదలైంది. మా పిల్లలు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. బెంగాలీలో ఒకతె, హిందీలో ఒకతె, తెలుగులో ఇంకొకతె. "ఎదికే, ఎదికే," ఇటు ఇటు అని. "ఒలే, నీ ఎనకాల." పదకొండేళ్లలో ఆట మధ్యలో వాళ్ల గొంతులు నేను విననే లేదు. పిలుచుకోవాల్సిన పని వాళ్లకు నేను మిగల్చలేదు మరి, అందరూ నా చెయ్యి చూస్తూ ఆడేవాళ్లు. మఫ్లరాయన మాటిమాటికీ నావైపు చూసి, చదవడానికి ఏమీ లేక బీడీ తీశాడు.

ఒక గోలు కొట్టారు. గుంపులో ఎవరి కర్రకు తగిలిందో తెలియదు. ఇంకోటి కెప్టెన్ కొట్టింది, చక్కటి గోలు. మూడు, రెండు. చివర్లో మాకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. ఎడమవైపు పిల్ల ఒంటరిగా ఉంది, బంతి అటు జార్చితే చాలు. నాకు స్పష్టంగా కనిపిస్తోంది. చేతులు తీసి చూపించేద్దామా అని ఎంత అనిపించిందో చెప్పలేను. తియ్యలేదు. కెప్టెన్ నేరుగా కొట్టింది. వాళ్ల గోల్‌కీపర్ కాలు అడ్డుపెట్టింది. ఈల ఊదేశారు.

ఓడిపోయాం. ఎడమకి ఇచ్చి ఉంటే గోలయ్యేది. ఇప్పటికీ అదే అంటాను. ఆ రోజే కెప్టెన్ పిల్లతో కూడా అన్నాను.

"అయితే సెప్పాల్సింది," అంది ఏడుస్తూ.

"సెప్పకూడదనుకున్నాను."

"మరిప్పుడెందుకు సెప్తన్నావు?"



ప్రిన్సిపాల్ నా దగ్గరికి వచ్చాడు. "దీదీ, రెండో సగమంతా మీరు కూర్చునే ఉన్నారు. వాళ్లు బాగా ఆడింది అప్పుడే. కమిటీ అడిగితే నేనేం చెప్పాలి?"

ఇప్పుడైతే ఏదో ఒక మంచి మాట చెప్పగలను. రాసుకోవడానికి తీరిక ఉంది కదా. ఆ రోజు "తెలీదు సార్," అన్నాను. నిజంగానే తెలీదు.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఎలా గడిపానో. రోజూ ఐదున్నరకి పోతూనే ఉన్నాను, ఎవరూ రావద్దనలేదు కనుక. ఆఫీసు గుమాస్తా ఎదురైతే ముఖం చూసేదాన్ని, ఏమైనా తెలిసినట్టుందా అని. ఏప్రిల్‌లో ఒకరోజు కొత్త మనిషి ఒకాయన మోటారుసైకిల్ మీద వచ్చి, గ్రౌండు అంచున నిలబడి, చాలాసేపు చూశాడు. ట్రాక్‌సూటు లేదు గానీ స్పోర్ట్స్ బూట్లు ఉన్నాయి. చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. వచ్చేశాడు అనుకున్నాను. పిల్లలకూ అదే అనిపించింది. ఆ రోజు ఎవరూ సరిగా పరుగెత్తలేదు, గోల్‌కీపర్ కావాలని ఆయన వైపు బంతి తన్నింది. చివరికి నేనే పోయి నమస్కారం పెట్టి, "కొత్త కోచ్ గారా?" అని హిందీలో అడిగాను. ఆయన కంగారుపడ్డాడు. కరెంటు ఆఫీసు మనిషి. గ్రౌండులో దీపస్తంభాలు ఎన్ని పాడయ్యాయో రాసుకోవడానికి వచ్చాడట. పిల్లలు గడ్డిలో పడి నవ్వారు. నేను ఇంటికి పోయి సాయంత్రం దాకా పడుకున్నాను.

కమిటీ ఏప్రిల్ చివర ఒకసారి, మే నెలలో ఒకసారి కూర్చుంది. నన్ను పిలవలేదు. పిలిస్తే ఏం చెప్పాలో పుస్తకంలో రాసుకుని పెట్టుకున్నాను. రెండు పేజీలు. అక్షరాలు వచ్చాక నేను రాసిన పెద్ద రాత అదే. ఎవరూ చదవలేదు.

జూన్ రెండో వారంలో ప్రిన్సిపాల్ కబురు పెట్టాడు. గదిలోకి పోగానే బల్లవైపు చూశాను. టీ లేదు. అది మంచికో చెడుకో తేల్చుకోలేకపోయాను.

"కూర్చోండి దీదీ. ఇంకో ఏడాది మీరే."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. "డిప్లొమా ఆయన?"

"ఆయనకు ఇంకో పెద్ద కాలేజీలో దొరికింది. పైగా పొద్దున ఐదున్నరకి రాలేనన్నాడు." కాస్త సిగ్గుపడినట్టు కాగితాలు సర్దాడు. "నేను కూడా మాట్లాడాను, అది వేరే."

"అంటే నేను బాగా నేర్పుతానని కాదు."

"అది కూడా ఉంది."

"మీరు ముందు చెప్పింది అది కాదు కదా సార్."

ఆయన నవ్వేశాడు. నేను నవ్వలేదు. ఎందుకు ఉంచారో తెలిసింది, ఎంతకాలమో అడగాలి కదా. "మరి వచ్చే జూన్‌లో?"

"వచ్చే జూన్‌లో మళ్లీ చూద్దాం."

సంతోషించాలో లేదో అర్థం కాలేదు. ఒక మనిషి పొద్దున్నే లేవలేకపోవడం వల్ల నా ఉద్యోగం నిలబడింది. వచ్చే ఏడు పొద్దున్నే లేచేవాడు దొరుకుతాడు. అలా జరిగి ఇప్పటికి మూడు జూన్‌లు దాటాయి. ఆ తర్వాత రెండుసార్లు కప్పు తెచ్చాం, అయినా జూన్ మొదలైతే నాకు అన్నం సయించదు.

ఆ రోజు గదిలోంచి నేరుగా గ్రౌండుకే పోయాను. ఎండ మండిపోతోంది, సెలవులు, అయినా జట్టులో ఆరేడుగురు స్టోర్ రూం నీడలో కూర్చుని ఉన్నారు. ఎవరు చెప్పారో, కబురు వచ్చిందని వాళ్లకు ముందే తెలుసు. ఎవరూ లేచి ఎదురు రాలేదు. కెప్టెన్ కర్ర పట్టీ విప్పి మళ్లీ చుడుతోంది.

"ఏటన్నాడు?" అంది తల ఎత్తకుండా.

"ఏడాది."

"ఒక్క ఏడాదేనా?"

"ఒక్కటే."

గోల్‌కీపర్ అడిగింది, "మరి ఈ ఏడాది సేతులు ఊపుతావా, కూకుంటావా?"

"కూకుంటాను. మీరు మాటాడుకుని ఆడాలి. ఎడమకి ఇవ్వాల్సినప్పుడు ఎడమకి ఇవ్వాలి."

కెప్టెన్ ఇప్పుడు తల ఎత్తింది. "అది ఇంకా మరిసిపోలేదేటి నువ్వు?"

"మరిసిపోను."

"సరే అత్తా. రేపు ఐదున్నరకా?"

"ఐదుంబావుకి రండి," అన్నాను. "ఎండ ముదిరిపోతంది."